ప్లైవుడ్ నేలకి రంగు వేసి వాడుకోవచ్చా? జాయింట్లు, వాసన, ఏ పెయింట్ అనే విషయాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రెండు పడగ్గదుల్లో పాత కార్పెట్ పీకేశారు, కింద ప్లైవుడ్ షీట్లు బయటపడ్డాయి. టైల్స్‌కో చెక్క ఫ్లోరింగ్‌కో పెట్టేంత డబ్బు ఇప్పుడు చేతిలో లేదు. ఆ ప్లైవుడ్‌కే రంగు వేసి రెండు మూడేళ్ళు గడపవచ్చా, గోడలకి వేయగా మిగిలిన రంగు పనికొస్తుందా, ఒక మూల కుక్క వల్ల పట్టిన వాసన పోతుందా, ఇంట్లో పాకే పాప ఉంది కాబట్టి ఎన్ని రోజులు ఆగాలి అని అడిగారు.

వేసుకోవచ్చు. పడగ్గదికి ఇది మంచి ఉపాయమే. నేలని సరిగ్గా తయారు చేసుకుని, నేల కోసమే చేసిన ఎనామెల్ వేస్తే మూడేళ్ళు హాయిగా వస్తుంది. అరిగిన చోట అప్పుడప్పుడు మళ్ళీ బ్రష్ పెట్టుకుంటూ ఉంటే అంతకంటే ఎక్కువే వస్తుంది. గోడల రంగు మాత్రం వద్దు. వాసన పోతుంది, కానీ దానికి ప్రత్యేకమైన ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కావాలి. పాప సంగతి కింద చెప్తాను, అది మీరు ఎంచుకునే రంగు రకాన్ని బట్టి ఉంటుంది.

నేను చాలా ఏళ్ళుగా రంగుల పని, చెక్కపని రెండూ చేస్తున్నాను. ప్లైవుడ్ నేలలకి రంగు వేయడం మొదట్లో నాకూ చిన్న పనిలాగే కనిపించింది. ఇందులో రంగు వేయడానికి పట్టే సమయం చాలా తక్కువ. మిగతా అంతా మోకాళ్ళ మీద కూర్చుని చేసే తయారీయే. మీరు ఆదా చేసేది డబ్బు, ఖర్చు పెట్టేది ఒళ్ళు. ఆ లెక్క మీకు సమ్మతమైతే మొదలుపెట్టండి.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. ప్లైవుడ్ నేల కదులుతుంది. మీరు నడిచినప్పుడు రెండు దూలాల మధ్య షీటు కొద్దిగా వంగుతుంది. గాల్లో తేమ పెరిగినప్పుడు షీటు కాస్త ఉబ్బుతుంది, పొడిగా ఉన్నప్పుడు కుంచించుకుంటుంది. షీట్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి బిగించేది అందుకే. రంగు పొర కాగితం మందం కూడా ఉండదు, అది ఈ కదలికని ఆపలేదు. జాయింట్లు కనబడకుండా చేయాలని చూస్తే ఏడాది తిరక్కుండానే బీటలు వస్తాయి. అవి కనబడతాయని ఒప్పుకుని, శుభ్రంగా కనబడేలా చేస్తే నేల అందంగా వస్తుంది.

నేను చేసిన మొదటి ప్లైవుడ్ నేల ఒక అటక గది. వానాకాలంలో చేశాను. జాయింట్లన్నీ వుడ్ ఫిల్లర్‌తో నింపి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, వేలితో తడిమినా తెలియనంత నునుపు చేశాను. దాని మీద తెల్ల రంగు. పని అప్పజెప్పిన రోజు గదంతా ఒకే పలకలా ఉంది. ఎండలు ముదిరాక వాళ్ళు ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే ప్రతి జాయింటు వెంటా వెంట్రుకవాసి గీత, తలుపు దగ్గర జనం ఎక్కువ తిరిగే చోట ఫిల్లర్ పెళ్ళలు పెళ్ళలుగా లేచి ఉంది. తెల్ల రంగు కాబట్టి ఆ గీతల్లో చేరిన దుమ్ము పెన్సిల్‌తో గీసినట్టు కనబడుతోంది. ఆ ఫిల్లర్ అంతా గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత నుంచి జాయింట్లలో గట్టి ఫిల్లర్ పెట్టడం మానేశాను.

ఇప్పుడు జాయింట్లని మూడు రకాలుగా చేస్తున్నాను. నాకు అన్నిటికంటే నచ్చేది వాటిని అలాగే వదిలేయడం. పాత జిగురు, దుమ్ము సన్నటి కత్తితో గీకి తీసి, షీటు అంచు పదును పోయేలా ఉప్పు కాగితంతో రెండుసార్లు రుద్ది, ఆ సందులోకి కూడా బ్రష్‌తో ప్రైమర్, రంగు పెడతాను. పెద్ద పెద్ద పలకలు పరిచినట్టు కనబడుతుంది. చూసినవాళ్ళు కావాలనే అలా చేశారనుకుంటారు, నిజానికి కావాలని చేసిందే. సందులో దుమ్ము చేరుతుందని ఇష్టపడనివాళ్ళకి సాగే గుణం ఉన్న సీలెంట్ పెడతాను. ఇక్కడ జాగ్రత్త: డబ్బా మీద రంగు వేయవచ్చని రాసి ఉండాలి. సిలికోన్ సీలెంట్ మీద రంగు పట్టదు, ఊడి వస్తుంది. సీలెంట్‌ని ఉప్పు కాగితంతో రుద్దలేరు కాబట్టి రుద్దుడు పని అంతా అయ్యాకే పెట్టి, తడి వేలితో కొంచెం లోపలికి గుంటలా లాగి వదిలేయాలి. ఇక మూడోది డిజైన్. సుద్ద దారం కొట్టి, గళ్ళ గీతలు సరిగ్గా జాయింట్ల మీద పడేలా గదిని విభజిస్తే జాయింట్ డిజైన్‌లో కలిసిపోతుంది. ఓపిక ఉన్నవాళ్ళకి ఇది చాలా బాగుంటుంది.

ఇక మొదటి నుంచి వద్దాం.

మీ కింద ఉన్నది నిజంగా ప్లైవుడ్డేనా చూసుకోండి. గది అంచునో, పైపు పోయే కంత దగ్గరో పక్క నుంచి చూస్తే పొరలు పొరలుగా కనబడాలి. పొరలు లేకుండా చెక్క పెచ్చులు అతికించినట్టు ఉంటే అది ఓఎస్‌బీ. దానికీ రంగు వేయవచ్చు, కానీ పైన గరుకు పూర్తిగా పోదు, ప్రైమర్ కూడా ఎక్కువ తాగుతుంది. రంపపు పొట్టు ముద్ద చేసి నొక్కినట్టు ఉంటే అది పార్టికల్ బోర్డు. దాని మీద నీళ్ళు పడితే ఉబ్బుతుంది, ఆరాక కూడా పూర్తిగా తగ్గదు. పార్టికల్ బోర్డు మీద ఇంత శ్రమ పెట్టమని నేను చెప్పను.

తర్వాత ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని కిటికీల కింద, బాత్‌రూం గోడ పక్కన, కుక్క పాడుచేసిన మూల గుచ్చి చూడండి. గట్టిగా ఆగితే సరే. మెత్తగా దిగితే ఆ ముక్క పుచ్చిపోయినట్టే, కోసి కొత్త ముక్క వేయాలి. వేళ్ళ కణుపులతో తట్టుతూ వెళ్ళండి. ఒక చోట డొల్లగా మోగితే పై పొర లేచి ఉండవచ్చు. చిన్న బుడగ అయితే నార వెంట బ్లేడుతో చీల్చి, లోపలికి చెక్క జిగురు పంపి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి బరువు పెడితే అతుక్కుంటుంది. చాలా చోట్ల అలా ఉంటే మాత్రం రంగు దాన్ని కాపాడలేదు.

ఒక హెచ్చరిక. కార్పెట్ కింద ఇంకో పాత ఫ్లోరింగ్ ఆనవాళ్ళు ఉంటే, ముఖ్యంగా తారులా నల్లటి జిగురు గానీ పాత వినైల్ పలకల ముక్కలు గానీ కనబడితే రుద్దవద్దు. పాత కాలపు పలకల్లో, జిగుర్లలో ఆస్బెస్టాస్ కలిపేవారు. పాత రంగు ఉంటే సీసం ఉండే అవకాశం ఉంది. రెండిటి ధూళీ ప్రమాదమే, ఇంట్లో పసిపాప ఉన్నప్పుడు మరీను. ముక్క తీసి పరీక్ష చేయించాకే ముందుకు వెళ్ళండి.

ఇక స్టేపుల్ పిన్నులు. కార్పెట్ కింద మెత్తని పరుపుని పట్టి ఉంచడానికి వందల కొద్దీ పిన్నులు కొడతారు. పీకినప్పుడు చాలా పిన్నుల్లో ఒక కాలు విరిగి చెక్కలోనే ఉండిపోతుంది. కంటికి కనబడదు. నేను గది లైట్లు ఆర్పేసి, టార్చ్‌లైట్ నేల మీద పడుకోబెట్టి వెలుతురు అడ్డంగా పోయేలా చేస్తాను. అప్పుడు ప్రతి పిన్నుకీ పొడుగాటి నీడ పడుతుంది. ఆ నీడని పట్టుకుని పటకారుతో లాగేయడమే. రానివాటిని సుత్తితో లోపలికి కొట్టేయండి. చివర్లో వెడల్పాటి పుట్టీ బ్లేడుని నేలకి ఆనించి గదంతా తోసుకుంటూ వెళ్ళండి, మిగిలింది ఏదున్నా టింగుమంటుంది. ఒక్క పిన్ను మిగిలినా రోలర్ చిరిగిపోతుంది, రంగు వేశాక అక్కడ తుప్పు మరక కూడా వస్తుంది. పాకే పిల్ల ఉన్న ఇల్లు కాబట్టి ఈ పనికి ఒక పూట ఎక్కువ పట్టినా పరవాలేదు. గోడ వెంట కార్పెట్ పట్టుకోవడానికి కొట్టిన ముళ్ళ పట్టీలు కూడా తీసేయండి. చేతులకి గట్టి గ్లౌజులు, మోకాళ్ళకి ప్యాడ్లు తప్పనిసరి.

నడుస్తుంటే కిర్రుమనే చోట్లు ఉంటే ఇప్పుడే సరిచేయాలి, రంగు వేశాక కుదరదు. ఆ శబ్దం ఎక్కువగా షీటుకీ దూలానికీ మధ్య వదులు ఏర్పడి, మేకు దాని కంతలోనే పైకీ కిందికీ జారడం వల్ల వస్తుంది. మళ్ళీ మేకు కొట్టడం దండగ, స్క్రూ వేయాలి. పాత మేకుల వరుసలని బట్టి దూలాలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి 50 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. అంతకంటే పొడుగువి వాడితే కింద పోయే పైపుకో వైరుకో తగిలే ప్రమాదం ఉంది. షీటు అంచుల్లో 15 సెంటీమీటర్లకి ఒకటి, మధ్యలో దూలం వెంట 30 సెంటీమీటర్లకి ఒకటి ఉండేలా చూసుకోండి. స్క్రూ తల ఉపరితలం కంటే కాస్త కిందికి దిగాలి. బాగా బిగిస్తే షీటు వంగడం కూడా తగ్గుతుంది, దానివల్ల జాయింట్ల దగ్గర రంగు ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి కిర్రు లేకపోయినా ఈ పని చేయడం మంచిది.

స్క్రూ కంతలు, ఊడిన ముడులు, చిన్న గుంటలు వుడ్ ఫిల్లర్‌తో నింపండి. ఇవి షీటు మధ్యలో ఉంటాయి కాబట్టి ఫిల్లర్ నిలుస్తుంది. జాయింట్ల సంగతి పైన చెప్పేశాను.

రుద్దడానికి 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120తో ముగించండి. అంతకంటే నునుపు చేస్తే ప్రైమర్‌కి పట్టు తగ్గుతుంది. మిషన్ వాడేవాళ్ళకి ఒక మాట. ప్లైవుడ్ పై పొర చాలా పలచగా ఉంటుంది. ఎత్తుపల్లాలని సమం చేద్దామని ఒకే చోట మిషన్ ఆపితే పై పొర అరిగిపోయి కింద పొర బయటపడుతుంది. దాని నార అడ్డంగా ఉంటుంది, మధ్యలో జిగురు గీత ముదురు రంగులో తేలుతుంది. అక్కడ రంగు వేరేగా పీల్చుకుని మచ్చలా మిగిలిపోతుంది. గరుకు పోగొట్టడం వరకే మన పని. మాస్కు పెట్టుకోండి. రుద్దాక వాక్యూమ్‌తో రెండుసార్లు, గోడ అంచుల్లో బ్రష్ అటాచ్‌మెంట్‌తో ఇంకోసారి తీసి, కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

ఇప్పుడు కుక్క మూల. మూత్రం ఎండాక అందులోని వాసన పదార్థాలు చెక్కలో ఉండిపోతాయి. గాల్లో తేమ పెరిగిన రోజు అవి మళ్ళీ వాసన వదులుతాయి. పొడి రోజుల్లో పోయిందనుకుని ముసురు పట్టినప్పుడు బెంబేలెత్తేది అందుకే. ముందు ఎంజైమ్ క్లీనర్‌తో ఆ మూలని తడిపి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, తుడిచి, రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వండి. తర్వాత షెల్లాక్ ప్రైమర్ రెండు కోట్లు, మరక చుట్టూ ఒక జానెడు ఎక్కువ మేర, సందులోకి కూడా వెళ్ళేలా. షెల్లాక్ అంటే లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్క పొర వాసననీ మరకనీ లోపలే బంధించేస్తుంది. మామూలు నీళ్ళ ప్రైమర్‌కి ఆ శక్తి ఉండదు. ఒక ఇంట్లో యజమాని ముందే కొని పెట్టారని మామూలు ప్రైమర్ వేశాను. రంగు కూడా అయిపోయింది. మొదటి ముసురుకే వాసన తిరిగొచ్చింది, లేత రంగు మీద పసుపు చార కూడా తేలింది. వేసిన రంగంతా రుద్ది, లక్క ప్రైమర్ వేసి, మళ్ళీ రంగు వేయాల్సి వచ్చింది. షెల్లాక్ ప్రైమర్ త్వరగా ఆరుతుంది, కానీ స్పిరిట్ ఘాటు గట్టిగా ఉంటుంది, మంటకి అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో పొయ్యి, దీపం లాంటివి ఏమీ లేకుండా వేయండి.

మిగతా గదికి మంచి బాండింగ్ ప్రైమర్, అంటే రంగుకి గట్టి పట్టు ఇచ్చేది, ఏదైనా చాలు. ముడులు ఎక్కువగా ఉంటే వాటి మీద మాత్రం లక్క ప్రైమర్ చుక్క పెట్టండి, లేకపోతే లోపలి రసం గోధుమరంగు మరకలా బయటికి వస్తుంది. నీళ్ళ ప్రైమర్ వేస్తే ఆరాక అరచేత్తో నిమిరి చూడండి. రెండు రోజుల గడ్డం మీద చేయి వేసినట్టు గుచ్చుకుంటుంది. నీటికి చెక్క నార లేచి నిలబడటం వల్ల అలా అవుతుంది, భయపడవద్దు. 220 నంబరు కాగితంతో తేలిగ్గా ఒకసారి రుద్దితే పోతుంది. ఈ చిన్న పని వదిలేసినవాళ్ళ నేలలు ఎప్పుడూ మురికిగానే కనబడతాయి, ఎందుకంటే ఆ ముళ్ళ మధ్య దుమ్ము ఇరుక్కుని తుడుపుకి రాదు.

రంగు ఎంపిక. గోడల ఎమల్షన్ ఎందుకు వద్దన్నానంటే, దాని పొర మెత్తన. చెప్పుల రాపిడికి, కుర్చీ కాలు ఈడ్చడానికి తట్టుకునేలా దాన్ని తయారు చేయరు. నెలల్లోనే తలుపు నుంచి మంచం దాకా దారి పడుతుంది, మురికి అందులోకి ఇంకిపోతుంది. పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత, వేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. మెత్తటి పొర మీద గట్టి పొర వేస్తే బరువు పడినప్పుడు కింద పొర అణిగి పైది చిట్లుతుంది, నాకది నచ్చదు. మిగిలిన రంగుని గూటికో అలమరకో వాడుకోండి.

నేల ఎనామెల్‌లో రెండు రకాలున్నాయి. నూనె రకం గట్టిగా ఉంటుంది, బ్రష్ గీతలు తనంతట తానే సర్దుకుంటుంది, కానీ ఒక్కో కోటు ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, వాసన రోజుల తరబడి ఉంటుంది, తెలుపు కాలక్రమాన పసుపు తిరుగుతుంది. నీళ్ళ రకం, అంటే యాక్రిలిక్‌లో యురేథేన్ కలిపినవి, కొన్ని గంటల్లో ఆరుతాయి, వాసన తక్కువ, రంగు మారదు. పాప ఉన్న ఇంటికి నేను నీళ్ళ రకమే చెప్తాను. గ్యారేజీలకి వేసే రెండు డబ్బాల ఎపాక్సీ గురించి ఎవరైనా చెప్పినా ప్లైవుడ్ మీద వద్దు. అది కాంక్రీటుకి దివ్యంగా ఉంటుంది. ఇక్కడ నేల వంగుతుంది, అది వంగదు, జాయింట్ల దగ్గర పగులుతుంది.

మెరుపు మధ్యస్తంగా ఉండే శాటిన్ తీసుకోండి. బాగా మెరిసేది ప్రతి గుంటనీ చూపిస్తుంది, తడి పాదానికి జారుతుంది కూడా. రంగుల్లో మధ్య రకం బూడిదరంగు, మట్టి రంగులు మురికిని దాస్తాయి. ముదురు రంగుల మీద దుమ్ము, తెలుపు మీద వెంట్రుకలు కనబడతాయి. మిగతాది మీ ఇష్టం.

ఎంత కావాలో లెక్క చూద్దాం. 12 అడుగులు, 14 అడుగుల గది అంటే 168 చదరపు అడుగులు. నునుపైన ఉపరితలం మీద లీటరు రంగు సుమారు 100 చదరపు అడుగులకి వస్తుంది. అంటే రెండు కోట్లకి మూడున్నర లీటర్లు, నాలుగు తీసుకుంటే నిశ్చింత. ప్రైమర్‌కి ఆ లెక్క వేయవద్దు. పచ్చి చెక్క ఎక్కువ తాగుతుంది, రెండున్నర లీటర్ల దాకా పడుతుంది. రెండు మూడు డబ్బాలు కొంటే అన్నిటినీ పెద్ద బకెట్‌లో పోసి కలిపేసుకోండి. ఒకే నంబరు డబ్బాల మధ్య కూడా ఛాయలో చిన్న తేడా ఉంటుంది, గది మధ్యలో డబ్బా మారితే అది గీతలా కనబడుతుంది.

వేసేటప్పుడు అంచులు బ్రష్‌తో, మిగతాది 6 మిల్లీమీటర్ల నూగు ఉన్న రోలర్‌తో, పొడుగు కర్ర బిగించి, తలుపుకి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి రండి. పలచగా వేయండి. మందంగా ఒక్కసారి వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి, మంచం కాలు పెట్టిన చోట దిగబడుతుంది. రెండు పలచటి కోట్లు తప్పనిసరి, నడిచే దారిలో మూడోది వేస్తే మంచిది. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసిన సమయం కంటే తేమ రోజుల్లో రెట్టింపు ఆగండి. గోరుతో నొక్కితే గుర్తు పడకూడదు, అప్పుడే తర్వాతి కోటు.

క్లియర్ కోటు వేయాలా అంటే, ఒకే రంగు నేలకి నేను వేయను. అరిగిన చోట అదే రంగు నేరుగా దిద్దుకోవచ్చు కదా. పైన క్లియర్ ఉంటే ప్రతిసారీ దాన్ని రుద్ది, రంగు వేసి, మళ్ళీ క్లియర్ వేయాలి. గళ్ళు, పూలు లాంటి డిజైన్ వేస్తే మాత్రం దాన్ని కాపాడటానికి నీళ్ళ రకం పాలీయురేథేన్ రెండు కోట్లు వేయండి. డబ్బాని ఊపకుండా కర్రతో నెమ్మదిగా కలపండి, ఊపితే వచ్చే బుడగలు నేల మీద అలాగే ఆరిపోతాయి. నూనె రకం పాలీయురేథేన్ తెలుపు మీద వేస్తే మీగడ రంగుకి తిరుగుతుంది.

నూనె రకం ఏది వాడినా ఈ మాట మరవద్దు: తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముడిచిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అవసరం లేదు. ఒకసారి పని మధ్యలో భోజనానికి వెళ్ళి వచ్చేసరికి బకెట్‌లో వేసిన గుడ్డ ముద్ద పొగలు కక్కుతుండటం నా కళ్ళారా చూశాను. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో. గుడ్డలని బయట, గాలికి, విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచి ఉంచండి.

రోజుల లెక్క: ఒక్కరే చేసుకుంటే పిన్నులు, స్క్రూలకి ఒక రోజు, ఫిల్లర్, రుద్దుడుకి ఒక రోజు, ప్రైమర్‌కి ఒక రోజు, రంగుకి రెండు రోజులు. రెండు గదులూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఒకటి పూర్తయి పడుకోవడానికి పనికొచ్చాకే రెండోది తెరవండి. నీళ్ళ రకం అయితే ఒక రోజయ్యాక సాక్సులతో నడవవచ్చు. వారం తర్వాత సామాను పెట్టండి. ఈడ్చకుండా ఇద్దరు పట్టుకుని ఎత్తి పెట్టాలి, కాళ్ళ కింద ఫెల్టు ముక్కలు అతికించాలి. పూర్తిగా గట్టిపడటానికి నాలుగు వారాల దాకా పడుతుంది. అప్పటిదాకా చాప, రగ్గు పరచవద్దు, తడి తుడుపు వద్దు.

పాప గురించి: నీళ్ళ రకానికి కనీసం రెండు వారాలు, నూనె రకానికి నాలుగు వారాలు ఆగమని నేను చెప్తాను. తేదీ ఒక్కటే చూసుకుంటే చాలదు. పొద్దున్నే మూసి ఉన్న గది తలుపు తీసినప్పుడు రంగు వాసన అస్సలు తెలియకూడదు. తెలిసినంత కాలం పాపని ఆ గదిలో పడుకోబెట్టకండి. రంగు వేసే రోజుల్లో పాపని వేరే చోట ఉంచగలిగితే ఇంకా మంచిది.

ఈ నేలతో కొన్ని ఇబ్బందులు తప్పవు, అవీ తెలుసుకోండి. నడక శబ్దం కార్పెట్ ఉన్నప్పటి కంటే బాగా వినబడుతుంది, కింద అంతస్తులో ఎవరైనా ఉంటే రగ్గు వేయాల్సిందే. రబ్బరు అడుగు ఉన్న చాపలు వద్దు, రబ్బరులోని రసాయనాలు రంగులోకి దిగి మరక పడుతుంది, ఒక్కోసారి అతుక్కుపోతుంది. చక్రాల కుర్చీ ఉంటే దాని కింద గట్టి షీటు వేయండి. నీళ్ళు ఒలికితే వెంటనే తుడవాలి, ముఖ్యంగా జాయింట్ల దగ్గర. బాత్‌రూంకీ, బట్టలు ఉతికే చోటుకీ ఈ పద్ధతి నేను చేయను, ఎవరు అడిగినా వద్దనే చెప్తాను. మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, మూత గట్టిగా బిగించి, రంగు నంబరు, తేదీ రాసి దాచుకోండి. దిద్దుబాట్లకి అదే ఆధారం.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ ఇప్పుడే ఆలోచించాలి. రెండు మూడేళ్ళ తర్వాత ఏం వేయాలనుకుంటున్నారు? లామినేట్ గానీ, క్లిక్ చేసి బిగించే వినైల్ పలకలు గానీ అయితే ఈ రంగు నేల మీదే నేరుగా పరుచుకోవచ్చు. మేకులతో బిగించే చెక్క ఫ్లోరింగ్‌కీ అడ్డు లేదు. జిగురుతో అతికించే రకాలకి, టైల్స్‌కి మాత్రం రంగు అడ్డమే, ఎందుకంటే జిగురు చెక్కని పట్టుకోకుండా రంగు పొరని పట్టుకుంటుంది. అప్పుడు రంగు రుద్ది తీయాలి, లేదా పైన ఇంకో పలక బిగించాలి. టైల్సే వేయాలని గట్టిగా అనుకుంటే ఇప్పుడు రంగుకి బదులు పెద్ద రగ్గు పరుచుకుని గడపడం గురించి కూడా ఆలోచించండి.

మీరు మొదలుపెట్టేది మాత్రం వాసన ఉన్న గదితోనే. షెల్లాక్ ప్రైమర్ ఆరి దాని ఘాటు పూర్తిగా పోయాక, ఆ గది కిటికీలు, తలుపు ఒక రోజంతా మూసి ఉంచండి. మర్నాడు లోపలికి వెళ్ళి, పాప ఎత్తుకి వంగి, ఆ మూల వాసన చూడండి. ఏమాత్రం తెలిసినా రంగు డబ్బా తెరవకండి, లక్క ప్రైమర్ ఇంకో కోటు వేసి మళ్ళీ ఒక రోజు మూసి చూడండి.